మరల విను న్యాయము: పునర్విచారణార్జుల తిరస్కారముపై విమర్శ

సాహిత్యమున విమర్శకుడు ఒక కావ్యమును మరల మరల చదువును. మొదటి పఠనమున గుణముగా తోచినది రెండవ పఠనమున దోషముగా కనబడవచ్చును. దోషమనుకొన్నది గుణమై నిలువవచ్చును. ఆ పునఃపఠనమునకు గడువు లేదు, రుసుము లేదు, అడ్డు చెప్పువారును లేరు. న్యాయస్థానపు తీర్పు అట్టిది కాదు. అది ఒకరి ఇంటిని మరియొకరి వశము చేయును; ఒక పాఠశాల తలుపు తెరచును, మూయును. అట్టి తీర్పును, దానిని చెప్పిన న్యాయస్థానమే మరల చూడవలెనని చేయు ప్రార్థనకు పునర్విచారణార్జి యని పేరు. వాడుకలో దీనినే రివ్యూ పిటిషను అందురు. ఇట్టి అర్జులలో గెలుచునవి బహు కొద్ది. తక్కినవి ఏ నియమముచేత కొట్టివేయబడుచున్నవి, ఆ నియమము ఎంతవరకు ధర్మసమ్మతము, ఎక్కడ అది అక్షరమాత్రమై మిగులుచున్నది అను విషయములు ఈ వ్యాసమున పరిశీలింపబడును.

బెంగళూరున కబ్బన్ పార్కు అంచున, విధానసౌధమున కెదురుగా, ఎఱ్ఱని అఠారా కచేరీ కలదు. 1864-1868 సంవత్సరముల నడుమ కట్టబడిన యీ భవనమునకు, అందు పదునెనిమిది ప్రభుత్వ శాఖలు కొలువుండుటచేత ఆ పేరు వచ్చినది. 1884లో ఏర్పడిన మైసూరు చీఫ్ కోర్టు 1930లో హైకోర్టయి, 1973లో రాష్ట్రనామము మారినపుడు కర్ణాటక హైకోర్టయినది. ఈ ప్రాంగణమున కెక్కు వ్యాజ్యగాండ్రలో కోలారు మొదలుకొని నగరపు పాత పేటల వరకు తెలుగు మాటలాడు కుటుంబములవారు ఎందరో కలరు. వారిలో అనేకులకు అప్పీలనగా నేమో, రివిజను అనగా నేమో, రివ్యూ యనగా నేమో భేదము తెలియదు. మూడింటిని ‘పై కోర్టుకు పోవుట’ యనియే వారు వ్యవహరింతురు. ఈ భ్రాంతియే పెక్కు అర్జులకు ప్రథమ శత్రువు. అప్పీలు పై న్యాయస్థానమునకు పోవును. అందు తీర్పు సర్వాంగములు పరీక్షింపబడును. రివిజనునందు పై న్యాయస్థానము క్రింది న్యాయస్థానము తన యధికారపు హద్దులలో నున్నదా లేదా యని చూచును. పునర్విచారణ మాత్రము తీర్పు చెప్పిన గదికే, సాధ్యమైనంతవరకు ఆ న్యాయమూర్తి యొద్దకే, తిరిగి వచ్చును. అడుగబడు ప్రశ్నయు వేఱు. ‘ఈ తీర్పు తప్పు’ అనుట అప్పీలు. ‘ఈ తీర్పున తమ కన్ను దాటిపోయినది ఇది’ అనుట పునర్విచారణ.

ధర్మశాస్త్ర దృష్టి

ఈ భావము పరదేశమునుండి దిగుమతియైనది కాదు. ముగిసిన తీర్పును తెరవరాదనియు, చెడిన తీర్పును తెరవవలెననియు ధర్మశాస్త్రములు ప్రక్కప్రక్కనే చెప్పియున్నవి. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున, ధర్మానుసారముగా నిర్ణయమైన వ్యవహారమును మరల త్రిప్పరాదని యొక శ్లోకము విధించుచున్నది. దానిని వెన్నంటియే, అమాత్యుడు గాని ప్రాడ్వివాకుడు గాని అన్యథా నిర్ణయించినచో రాజు తానే ఆ కార్యమును చూచి, వారికి దండము విధింపవలెనని తరువాతి శ్లోకము చెప్పుచున్నది. ఈ రెండు శ్లోకముల నడుమనున్న యిరుకు బాటయే నేటి పునర్విచారణ న్యాయము.

యాజ్ఞవల్క్యుడు ఈ విషయమును మఱింత విభజించెను. కులము, శ్రేణి, పూగము, రాజు నియమించిన అధికారి యను వారు ఒకరికంటె నొకరు బలవత్తరులని ఆయన చెప్పినది నేటి అప్పీలు మెట్లకు పూర్వరూపము. బలాత్కారముచేతను, కపటముచేతను నడచిన వ్యవహారములను త్రిప్పివేయవలెననుట మరియొక విధి. ఇక చక్కగా చూడబడని వ్యవహారమును రాజు మరల చూచి, అన్యాయముగా గెలిచినవానిని, తీర్పు చెప్పిన సభ్యులనుకూడ, వివాదద్రవ్యమునకు రెట్టింపు దండింపవలెననుట అసలైన పునర్విచారణ. న్యాయముగానే ఓడియు ఓడలేదని మరల వచ్చువానిని మరల ఓడించి రెట్టింపు దండము కట్టింపవలెనని వెంటనే మరియొక విధి కలదు. నారదుడును, తీర్పు ధర్మవిరుద్ధమని తలచినవాడు రెట్టింపు దండమున కొడంబడి కార్యమును మరల ఎత్తుకొనవచ్చునని యనుమతించెను.

యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు చాళుక్య చక్రవర్తియగు ఆఱవ విక్రమాదిత్యుని కాలమువాడు. ఆ చక్రవర్తి 1076 మొదలు 1126 వరకు రాజ్యమేలెను. ఆయన రాజధాని కల్యాణము నేటి కర్ణాటకమున బీదరు జిల్లాలోని బసవకల్యాణము. కన్నడసీమలో సంస్కృతమున పుట్టిన యీ న్యాయశాస్త్రమును పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరమను పేర పద్యములలో తెనిగించెను. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్తములని ఆ గ్రంథమునకు మూడు కాండములు. ఆంధ్రభాషాభూషణమను వ్యాకరణమును వ్రాసినవాడును ఆయనయే. వ్యాకరణము చెప్పినవాడే న్యాయమును తెనిగించుట గమనింపదగిన విషయము. తీర్పును తెలుగులో చదివి తెలిసికొనవలెనను కోరిక నేటిది కాదనుటకు ఈ గ్రంథమే సాక్ష్యము.

పాత విధానమునందలి కీలకము ఒకటి కలదు. అందు పునర్విచారణ తలుపు విశాలము. కాని దాటుటకు మూల్యము అధికము. ఓడినచో రెట్టింపు దండము. అంతేకాక, మరల విచారించుట యనగా సభ్యులపై నేరము మోపుటయే, వారును దండ్యులగుదురు. నేటి విధానము దీనికి విపర్యాసము. మూల్యము స్వల్పము, తలుపు మాత్రము మిక్కిలి యిరుకు. న్యాయమూర్తిపై నేరారోపణ లేదు, దండము లేదు. చూచినవాడే మరల చూచుచున్నాడు గనుక, చూడవలసినది ఆయన బుద్ధిదోషము కాదు, దృష్టికి తప్పిన వస్తువు మాత్రమే యని నియమము. ఈ భేదము గ్రహించినచో నేటి తిరస్కారములు అనేకము అన్యాయములుగా తోచవు.

నేటి నియమము

1908వ సంవత్సరపు సివిల్ ప్రొసీజరు కోడులో 114వ సెక్షను పునర్విచారణాధికారమును ప్రసాదించుచున్నది. 47వ ఆర్డరు దాని విధానమును నిర్దేశించుచున్నది. అప్పీలునకు అవకాశమున్నను అప్పీలు చేయనివాడును, అప్పీలునకే అవకాశము లేనివాడును దీనిని కోరవచ్చును. కారణములు మూడు. తగిన శ్రద్ధ వహించినను విచారణకాలమున తెలియరాని ముఖ్యమైన క్రొత్త సాక్ష్యము దొరకుట మొదటిది. రికార్డు ముఖముననే కనబడు పొరపాటు రెండవది. తగిన మరియే యితర కారణమైనను మూడవది.

మూడవ కారణము చదువుటకు మహాసముద్రమువలె కనబడును. కాని 1922లో ఛజ్జూరాం, నేకీ వ్యవహారమున ప్రీవీ కౌన్సిలు దానికి గట్టు కట్టినది. ఆ కారణము మొదటి రెండింటికి సజాతీయమై యుండవలెనని ఆ నిర్ణయము. 1954లో మలంకర సంఘపు వ్యవహారమున సుప్రీంకోర్టు దానినే యంగీకరించినది. తీర్పు వెలువడిన పిదప మరియొక వ్యవహారమున పై కోర్టు న్యాయసూత్రమును మార్చినను, అది పునర్విచారణకు కారణము కాజాలదని 1976వ సంవత్సరపు సవరణచే ఒక వివరణము చేర్చబడినది.

తిరస్కార మార్గములు ఈ నియమములలోనే పొందుపరుపబడియున్నవి. గడువు 30 దినములు. 1963వ సంవత్సరపు లిమిటేషను చట్టమున 124వ ఆర్టికలు దీనిని విధించినది. తీర్పు నకలు పొందుటకు పట్టిన కాలము లెక్కనుండి తీసివేయబడును. మీరిన దినములకు తగిన కారణము చూపనిచో అర్జి గుణదోషములు చూడకయే పోవును. గడువులో వచ్చిన అర్జి, తీర్పు చెప్పిన న్యాయమూర్తి ఆ కోర్టుననే యుండి, ఆఱు మాసములవరకు వినుట కవరోధము లేనిచో, ఆయన యెదుటికే వచ్చును. చాలిన కారణము కనబడనిచో ఎదుటిపక్షమునకు నోటీసు కూడ లేకుండ కొట్టివేయవచ్చును. అంగీకరింపవలెనన్నచో ఎదుటిపక్షమును పిలువక తీరదు. క్రొత్త సాక్ష్యము చూపువాడు, అది ముందు తనకు తెలియదని గట్టిగా రుజువు చేయవలెను. ఇరువురు న్యాయమూర్తులు వినునపుడు అభిప్రాయములు సమముగా చీలినచో అర్జి పోయినట్లే. తిరస్కరించిన ఉత్తరువుపై అప్పీలు లేదు. అంగీకరించిన ఉత్తరువును మాత్రము ఎదుటిపక్షము ప్రశ్నింపవచ్చును. పునర్విచారణపై మరల పునర్విచారణ లేదు.

ఈ నియమములన్నియు ఒక్క దిక్కునకే మొగ్గుచున్నవి. సందేహము కలిగినచో తీర్పు నిలువవలెను. తలుపు తెరచువాడు సంజాయిషీ చెప్పుకొనవలెను గాని మూయువాడు చెప్పుకొననక్కరలేదు. శాసనకర్తలు ఎఱిగి చేసిన యేర్పాటిది. దీనిని నిందించుట యుక్తము కాదు. కాని సంజాయిషీ అక్కరలేనిచోటనే కారణము చెప్పవలసిన బాధ్యత హెచ్చుననుటయు అంతే యుక్తము. పై విచారణ లేని మాట చివరి మాట యగును.

తుంగభద్రా వ్యవహారము

పునర్విచారణార్జులను కొట్టివేయు ఉత్తరువులలో తరచుగా పేర్కొనబడు తీర్పు ఒకటి తెలుగునేలపై పుట్టినది. అది కర్నూలులోని తుంగభద్రా ఇండస్ట్రీసు కంపెనీకిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును నడచిన వ్యాజ్యము. 1963లో సుప్రీంకోర్టు దీనిని నిర్ణయించినది. తీర్పు వ్రాసినవారు న్యాయమూర్తి ఎన్. రాజగోపాల అయ్యంగారు. వేరుసెనగ నూనె తయారుచేయు ఆ కంపెనీ, కొంత నూనెను హైడ్రోజను వాయువుతో గడ్డకట్టించి వనస్పతిగా అమ్ముచుండెను. నూనె అమ్మకముపై పన్ను కట్టునపుడు కాయల కొనుగోలు ధరను తగ్గించుకొను వీలు నిబంధనలలో కలదు. గడ్డకట్టిన నూనెయు వేరుసెనగ నూనెయేనా కాదా యనునది ప్రశ్న. ఔనని 1960లో సుప్రీంకోర్టు తేల్చినది. కాని అంతకుముందే, ఒక సంవత్సరపు పన్ను విషయమున ఇదే ప్రశ్న సుప్రీంకోర్టున కెక్కదగినదని యోగ్యతాపత్రమిచ్చిన హైకోర్టు, తరువాతి సంవత్సరముల విషయమున 1959లో అందు చెప్పుకోదగిన న్యాయప్రశ్న యేదియు లేదని నిరాకరించినది. కంపెనీ పునర్విచారణ కోరెను. హైకోర్టు కొట్టివేసెను.

సుప్రీంకోర్టు ఈ సందర్భమున చెప్పిన మాటల సారమిది. పునర్విచారణ మారువేషమున వచ్చిన అప్పీలు కారాదు. కేవలము తప్పుడు నిర్ణయము వేఱు, ముఖముననే దోషము కనబడు నిర్ణయము వేఱు. ఆ భేదమును మాటలలో చెప్పుట ఎల్లప్పుడును సాధ్యము కాకున్నను అది యథార్థమైన భేదమే. దీర్ఘవాదము అక్కరలేకయే వేలితో చూపి, ఇదిగో దోషమని చెప్పగలిగి, దానిపై రెండవ అభిప్రాయమునకు తావు లేనపుడు, అది ముఖమున కనబడు దోషమగును.

ఈ సారములోని మొదటి వాక్యము వందలకొలది ఉత్తరువులలో ప్రవేశించినది. చివరి వాక్యమున కంతటి భాగ్యము పట్టలేదు. ఇంతకు ఆ వ్యాజ్యపు ఫలితమేమి? హైకోర్టు పునర్విచారణను నిరాకరించుట తప్పని సుప్రీంకోర్టు నిర్ణయించినది. ఒకే ప్రశ్నకు తానే ముందిచ్చిన యోగ్యతాపత్రమును చూడక నిరాకరించుటయే వేలితో చూపదగిన దోషమని గుర్తించినది. అనగా, నేడు తలుపు మూయుటకు వాడబడు వాక్యము తలుపు తెరచిన తీర్పులోనిది. మలంకర సంఘపు వ్యవహారమును ఇట్టిదే. మూడవ కారణమును కుదించుటకు ప్రమాణముగా చూపబడు ఆ తీర్పునందు, తిరువాన్కూరు-కొచ్చిన్ హైకోర్టు పునర్విచారణను నిరాకరించుట పొరపాటని చెప్పి, అర్జిని మరల వినవలెనని సుప్రీంకోర్టు ఆదేశించినది.

పద్యమున ఒక పాదమును మాత్రము గ్రహించి కవిహృదయమిదియే యనుట సాహిత్యవిమర్శలో పెద్ద దోషము. పూర్వాపరములు విడిచిన పాదము కవి యుద్దేశింపని అర్థమిచ్చును. తీర్పులోని వాక్యమునకును ఇదే గతి. అది ఏ వ్యవహారమున, ఏ ఫలితమునకై పలుకబడినదో విడిచి, సూత్రముగా మాత్రమే కంఠస్థము చేసినచో, సూత్రము మిగులును గాని న్యాయము మిగులదు. 2013లో కమలేశ్ వర్మ, మాయావతి వ్యవహారమున సుప్రీంకోర్టు పునర్విచారణ ఎప్పుడు తగును, ఎప్పుడు తగదు అని రెండు పట్టికలుగా సంగ్రహించినది. సంగ్రహము విద్యార్థికిని న్యాయవాదికిని ఎంతయు ఉపకారి. ఐనను, పట్టికను యథాతథముగా ఎత్తి వ్రాసి, అర్జిలో చూపబడిన దోషమును గూర్చి మాటైన చెప్పక ముగించు ఉత్తరువు, సూత్రములు చెప్పి పద్యమును విడిచిన వ్యాఖ్యవంటిది.

ఎదుటి పార్శ్వమును చూపకుండుటయు న్యాయము కాదు. తలుపును మితిమీరి తెరచిన హైకోర్టులును కలవు. 1997లో పార్సియన్ దేవి వ్యవహారమున, పునర్విచారణ పేర వ్యాజ్యమునంతటిని మరల విని తీర్పును తలక్రిందులు చేసిన ఉత్తరువును సుప్రీంకోర్టు తప్పు పట్టినది. 2022లో తెలంగాణ హైకోర్టునుండి వచ్చిన ఎస్. మధుసూదన్ రెడ్డి వ్యవహారమునను, పునర్విచారణార్జుల నంగీకరించిన ఉత్తరువు నిలువలేదు. గెలిచినవాడు గెలుపును నమ్ముకొని ఇల్లు కట్టుకొనును, అమ్ముకొనును, పంచుకొనును. ఓడినవాని ప్రతి రెండవ ఆలోచనకును ఆ ఇల్లు కదలుచుండరాదు.

రిట్టు వ్యవహారములు

ప్రభుత్వపు ఉత్తరువులను ప్రశ్నించు రిట్టు పిటిషనులు సివిలు దావాలు కావు. 1976వ సంవత్సరపు సవరణము, రాజ్యాంగము 226వ అధికరణము క్రింది విచారణలకు కోడులోని సాధారణ విధానము తనంతట వర్తింపదని స్పష్టపరచినది. ఐనను రిట్టులో పునర్విచారణకు అవకాశము లేదనుట పొరపాటు. శివదేవ్ సింగ్ వ్యవహారమున 1961లోనే సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను తీర్చినది. ఒక రిట్టులో ఉత్తరువు వెలువడగా, ఆ ఉత్తరువుచే నష్టపడినవాడు, తనను కక్షిదారుగా చేర్చలేదని, తన మాట వినబడలేదని పంజాబు హైకోర్టునకు వచ్చెను. హైకోర్టు మరల విన్నది. న్యాయభంగమును నివారించుటకును, స్పష్టమైన దోషములను దిద్దుకొనుటకును హైకోర్టునకు సహజాధికారము కలదని సుప్రీంకోర్టు సమర్థించినది. 1979లో అరిబం తులేశ్వర శర్మ వ్యవహారమున ఆ సహజాధికారమునకును హద్దులు కలవని, అప్పీలు కోర్టువలె సర్వదోషములను వెదకరాదని చెప్పబడినది. ఈ రెండును కలిపి చదువవలెను. విననివానిని వినుట అధికారము. విన్నదానిని మరల వినుట అనధికారము.

కర్ణాటకమునుండియే పోయిన రెండు వ్యవహారములు ఈ శాస్త్రమున నిలిచిపోయినవి. స్టైపెండుపై నియమింపబడిన పట్టభద్రుల ఉద్యోగములను గూర్చిన ఎస్. నాగరాజ్ వ్యవహారమున 1993లో సుప్రీంకోర్టు, తన యుత్తరువునందలి పొరపాటు తెలిసినపుడు దిద్దుకొనుట న్యాయస్థానమునకు చిన్నతనము కాదని, నియమములు న్యాయమునకు సేవకులని వివరించుచు, తాను ముందు చేసిన ఉత్తరువులను మరలించుకొనినది. బెంగళూరి ఖోడే డిస్టిలరీసునకును మహదేశ్వర సహకార చక్కెర కర్మాగారమునకును నడచిన వ్యాజ్యమున 2019లో మరియొక ముడి విడినది. సుప్రీంకోర్టు ప్రత్యేకానుమతి నీయక, కారణములు చెప్పక అర్జిని కొట్టివేసినంత మాత్రమున హైకోర్టు తీర్పు సుప్రీంకోర్టు తీర్పులో లీనము కాదు. కాబట్టి హైకోర్టున పునర్విచారణ కోరు మార్గము మూసుకొనిపోదు. 2000లో కున్హయమ్మద్ వ్యవహారమున చెప్పిన న్యాయమే యిచ్చట స్థిరపడినది. సాంకేతికకారణముచే తలుపు వద్దనే త్రిప్పిపంపబడువారికి ఈ నిర్ణయము ముఖ్యమైన యాధారము.

ముగింపు విలువ

వ్యాజ్యము ముగియుట యనునదియు ఒక మేలే. దీనిని భాషాల్పసంఖ్యాకుల చరిత్ర చక్కగా బోధించును. గోకాక్ సంఘపు నివేదిక ననుసరించి కర్ణాటక ప్రభుత్వము 1982 జూలైలో ఉన్నత పాఠశాలలందు కన్నడమే ఏకైక ప్రథమభాషగా నుండవలెనని ఉత్తరువు చేసినది. తెలుగు, తమిళ, ఉరుదూ, మరాఠీ పాఠశాలల భవితవ్యము అందు చిక్కుకొన్నది. భాషాల్పసంఖ్యాకుల రక్షణసమితి ప్రభృతులు కోర్టు కెక్కగా 1989 జనవరిలో హైకోర్టు పూర్ణపీఠము ఆ నిర్బంధము రాజ్యాంగవిరుద్ధమని చెప్పినది. అదే సంవత్సరము జూనులో ప్రభుత్వము క్రొత్త యుత్తరువు చేసినది. దానిని సుప్రీంకోర్టు 1993 డిసెంబరులో సమర్థించినది. 1982లో ఒకటవ తరగతిలో చేరిన పిల్లవాడు తప్పక చదివినచో ఆ తీర్పు వచ్చునప్పటికి పదవ తరగతి దాటియుండును. వ్యాజ్యకాలమంతయు ఆ పిల్లవాని చదువుకాలమే.

తరువాత 1994వ సంవత్సరపు భాషావిధానము వచ్చినది. ఒకటి మొదలు నాలుగు తరగతులవరకు మాతృభాషలో గాని కన్నడములో గాని బోధించవలెనను షరతు, ప్రభుత్వసహాయము పొందని ప్రైవేటు పాఠశాలలకు వర్తింపదని 2008లో హైకోర్టు పూర్ణపీఠమును, 2014 మే నెలలో సుప్రీంకోర్టు రాజ్యాంగపీఠమును నిర్ణయించినవి. బోధనభాషను ఎన్నుకొను హక్కు తల్లిదండ్రులదనియు, మాతృభాష యేదో చెప్పవలసినవారును వారేయనియు ఆ తీర్పు. ప్రభుత్వము వేసిన పునర్విచారణార్జియు, ఆ పిదపటి క్యూరేటివ్ పిటిషనును ఫలింపలేదు.

మాతృభాషాబోధనాభిమానులకు ఈ ఫలితము రుచింపకపోవచ్చును. నిర్బంధమునుండి అల్పసంఖ్యాకులను కాపాడిన స్వేచ్ఛయే, తెలుగు తల్లిదండ్రులు తెలుగును విడిచి ఆంగ్లమునకు పోవుటకును దారి యిచ్చినది. విద్యాశాస్త్రదృష్టితో ఆ తీర్పును విమర్శించుటకు ఎంతయు అవకాశము కలదు. కాని పునర్విచారణాంగీకారమునకు ఆ విమర్శ చాలదు. రాజ్యాంగపీఠము ప్రశ్నను చూచినది, ఇరుపక్షముల వాదము విన్నది, ఉత్తరము చెప్పినది. ఆ ఉత్తరము నచ్చకుండుట రికార్డు ముఖమున కనబడు దోషము కాదు. నియమము ప్రభుత్వమునకును పౌరునికిని ఒక్కటే యనుట ఇచ్చట ఋజువైనది. తనకు నచ్చిన తీర్పును నియమము కాపాడినపుడు మెచ్చి, నచ్చని తీర్పును కాపాడినపుడు దూషించుట విమర్శ యనిపించుకొనదు.

సభాపర్వ ప్రశ్న

ముగింపు నిజముగా ఎప్పుడు కలుగునను ప్రశ్నకు మహాభారతము ఉత్తరమిచ్చుచున్నది. నన్నయ తెనిగించిన సభాపర్వమున, జూదము ముగిసినదని దుర్యోధనుడు తీర్పు చెప్పినట్లే వ్యవహరించెను. ద్రౌపది, తన్ను పిలువ వచ్చిన ప్రాతికామిచే ఒక ప్రశ్న పంపెను: ధర్మరాజు ముందు తన్ను ఓడెనా, తనను ఓడెనా? తన్ను తానోడిన పిదప ఆయనకు పరులను ఒడ్డు నధికారమెక్కడిది? ఇది దీర్ఘవాదము కోరు ప్రశ్న కాదు. పందెముల వరుస సభలోని వారందరును చూచినదే. క్రొత్త సాక్షి అక్కరలేదు, క్రొత్త పత్రము అక్కరలేదు. రికార్డు ముఖమున కనబడు దోషమునకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకుట యరుదు.

సభ యేమి చేసినది? భీష్ముడు ధర్మము సూక్ష్మమనెను. వికర్ణుడొక్కడు ప్రశ్నకు సూటిగా ఉత్తరము చెప్పెను. అతని మాట త్రోసివేయబడెను. చివరకు ధృతరాష్ట్రుడు వరములిచ్చి పాండవులను విడిపించెను గాని ప్రశ్నను తీర్చలేదు. అనుగ్రహము లభించినది, నిర్ణయము లభింపలేదు. నిర్ణయము లేకపోవుటచేతనే అనుద్యూతమునకు తావు కలిగినది; వ్యవహారము మరల తెరువబడి వనవాసమునకును, యుద్ధమునకును దారి తీసినది. ప్రశ్న అడుగువారిని పంపివేసినంత మాత్రమున ప్రశ్న పోదు. ఉత్తరము చెప్పబడిన ప్రశ్న మాత్రమే ముగియును.

ఉపసంహారము

పై పరిశీలనవలన తేలు విషయములు కొన్ని కలవు. పునర్విచారణ తలుపు ఇరుకుగా నుండుట న్యాయమే. పూర్వులు రెట్టింపు దండముచేత సాధించిన స్థిరత్వమును నేటివారు పరిమిత కారణములచేత సాధించుచున్నారు. గడువు మీరిన అర్జి, ఓడిన వాదమునే మరల చెప్పు అర్జి, అప్పీలునకు పోవలసినది దారితప్పి వచ్చిన అర్జి తిరస్కృతమగుట తగును. వ్యాజ్యగాడు తీర్పు నకలు చేతికి రాగానే అందు నచ్చనిదేమో గాక, చూడబడనిదేమో వెదకుకొనవలెను. అట్టిది లేనిచో అప్పీలే అతనికి మార్గము. ఏకన్యాయమూర్తి రిట్టులో చెప్పిన తీర్పుపై, 1961వ సంవత్సరపు కర్ణాటక హైకోర్టు చట్టము 4వ సెక్షను ననుసరించి, అదే హైకోర్టున ద్విసభ్యపీఠము నెదుట రిట్టు అప్పీలు కలదు. ఆ మార్గము విడిచి పునర్విచారణకై పరుగెత్తి అప్పీలు గడువును పోగొట్టుకొనుట మిక్కిలి నష్టము.

కాని తిరస్కరించు ఉత్తరువునకును ఒక కనీస ధర్మము కలదు. అర్జిదారు వేలితో చూపిన దోషమేదో ఒక వాక్యమున చెప్పవలెను. అది దోషమెందుకు కాదో, లేక తీర్పున దానికి సమాధానమెక్కడ కలదో మరియొక వాక్యమున చెప్పవలెను. ఈ రెండు వాక్యములకు పట్టుకాలము స్వల్పము. సూత్రముల పట్టిక వీనికి ప్రత్యామ్నాయము కాదు. తుంగభద్రా తీర్పును ప్రమాణముగా చూపినపుడు దాని ఫలితమును కూడ స్మరించుట ఉచితము.

చివరిది భాషావిషయము. రాజ్యాంగము 348వ అధికరణము ననుసరించి హైకోర్టుల వ్యవహారభాష సామాన్యముగా ఆంగ్లము. తన అర్జి ఎందుకు పోయినదో తన భాషలో తెలియనివాడు, న్యాయముగానే ఓడినను ఓడితినని నమ్మడు. యాజ్ఞవల్క్యుడు చెప్పినట్లు మరల మరల వచ్చును. 2019 మొదలు సుప్రీంకోర్టు కొన్ని తీర్పుల యనువాదములను తెలుగు కన్నడములు మొదలగు దేశభాషలలో ప్రకటించుచున్నది. 2023 జూనులో తెలంగాణ హైకోర్టున న్యాయమూర్తులు పి. నవీన్‌రావు, నగేశ్ భీమపాకలు ఒక ఆస్తి వివాదమున తీర్పును తెలుగుననే వెలువరించిరి. ఎనిమిది శతాబ్దములకు పూర్వము కేతన చేసిన పని మరల ఆరంభమైనదనవచ్చును. బెంగళూరి తెలుగు సంఘములలోని న్యాయవాదులును పండితులును కలిసి, 47వ ఆర్డరును, తుంగభద్రా వంటి ముఖ్య తీర్పుల సారమును, సామాన్యునకు తెలియు తెలుగున ఒక చిన్న పుస్తకముగా కూర్చినచో, దారితప్పిన అర్జులు కొన్ని తగ్గును; నిజముగా దోషము చూపు అర్జులు మిగిలినవానిలో కలిసిపోక న్యాయమూర్తుల దృష్టికి వచ్చును.